గేరు జారిన వేసవి

మొన్న వేసవిలో మా ఇంట్లో ఎవరూ ఎవరినీ నమ్మలేదు. అమ్మ నాన్నని నమ్మలేదు. నాన్న డ్రైవర్ని నమ్మలేదు. నేనైతే ముగ్గురినీ నమ్మలేదు. దీనికంతటికీ మొదలు మా పికప్పు బండి.

మాకు నూజివీడులో మామిడికాయల కొట్టుంది. నాన్న పాండురంగారావు చుట్టుపక్కల తోటలు గుత్తకి తీసుకుని, కాయ కోయించి, విజయవాడ పక్కనున్న నున్న ఊళ్ళోని మామిడి మార్కెట్టుకి తోలిస్తాడు. నేను హరితని. ఇక్కడే ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. వేసవి సెలవులు నాకు పేరుకే సెలవులు. ఏప్రిల్ రాగానే పుస్తకం పక్కన పెట్టి, నెత్తికి తువ్వాలు చుట్టుకుని నాన్న వెంట తోటల్లో తిరగాల్సిందే.

బండి పదేళ్ళ నాటిది, డీజిల్‌ది. ముందు రెండు వరసల సీట్లు, వెనక తొట్టి. దానికి క్లచ్ లేదు, గేర్లు వాటంతటవే పడతాయి. మా వైపు కార్లలో అలాంటివి చూశాం గానీ కాయలు మోసే పికప్పుల్లో ఎవరూ ఎరగరు. రెండేళ్ళ క్రితం, క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగిపోయిందని చెప్పి, నాన్న హైదరాబాదు వెళ్ళి కోరి తెచ్చుకున్నాడు. ఎడమ కాలికి పనే లేని బండి అని వచ్చినవాళ్ళందరికీ తలుపు తీసి మరీ చూపించాడు. పోయినేడు సీజనంతా అది గుర్రంలా పరిగెత్తింది.

ఈ ఏడు ఏప్రిల్ రెండో వారంలో రెడ్డిగూడెం తోటలో మొదటిసారి మొరాయించింది. మధ్యాహ్నం మూడయింది. నలభై ట్రేలు బంగినపల్లి ఎక్కించారు. తోట బాట రోడ్డు మీదికి చేరే చోట చిన్న ఎత్తుంది, అంతే. నాన్న యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుస్తోంది గానీ బండి కదలదు. పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన గిన్నెలాగా మాడు వాసన. ఇంజను ఆపి ఓ పావుగంట చెట్టు కింద నిలబెడితే, ఏమీ ఎరగనట్టు ఎక్కేసింది.

మా డ్రైవరు సురేష్ ట్రేల దగ్గర నుంచి వచ్చాడు. మాకు ఆగిరిపల్లి తోట కాసే మల్లయ్య, పార్వతుల కొడుకు. పొద్దున్నే లోడు తీసుకుని నున్న వెళ్ళి పదింటికల్లా వచ్చేస్తాడు. అక్కడి నుంచి బండి నాన్న చేతికొస్తుంది. సాయంత్రం దాకా తోటల్లో తిప్పేది నాన్నే.

"పొద్దున నీ చేతిలో బాగానే ఉందా?" అన్నాడు నాన్న.

"ఉందండి. వెళ్ళొచ్చాను, ఎక్కడా ఏం చెయ్యలేదు."

"మరి నా చేతికి రాగానే ఏమొచ్చింది దానికి?"

సురేష్ ఒకసారి నా వైపు చూశాడు. "తర్వాత చెప్తానండి," అని వెళ్ళి తాళ్ళు బిగించుకున్నాడు.

తర్వాత అంటే ఏంటి, ఇప్పుడెందుకు చెప్పడు అని నాకు అప్పుడే ఒక ముల్లు గుచ్చుకుంది.

*

అమ్మకి బండి గొడవ పట్టదు. ఆవిడ అనుమానం వేరే. నాన్నకి షుగరు వచ్చి ఎనిమిదేళ్ళయింది. మామిడికాయల వ్యాపారికి షుగరు రావడమంటే ఇంట్లో రోజూ విచారణ జరగడమే.

"చెయ్యి చూపించండి," అంటుంది పుష్పావతి, అంటే మా అమ్మ, ఆయన గుమ్మంలో చెప్పులు విడవకముందే.

"ఎందుకే?"

"చూపించండి." వేళ్ళు వాసన చూస్తుంది. "చిన్నరసం."

"కాయ చూడాలంటే కొయ్యాలా వద్దా? కోస్తే చేతికంటదా?"

"చేతికంటింది సరే. మీసానికెందుకు అంటింది?"

నాన్న నావైపు చూసి సాయం అడుగుతాడు. నేను చూడనట్టు ఉంటాను. పోయిన నెల రక్తం పరీక్ష రిపోర్టు ఏదని అమ్మ అడిగితే కొట్లో ఉందంటాడు. కొట్లో అడిగితే ఇంట్లో ఉందంటాడు. ఈ మాట చాలాసార్లు విన్నాను. కానీ ఆ నెల నా బుర్రంతా గేర్ల మీదే ఉంది.

ఎందుకంటే బండికి చెడడం అలవాటయింది. వారానికి రెండుసార్లు, మూడుసార్లు. ఎప్పుడూ మధ్యాహ్నమే, ఎప్పుడూ లోడుతోనే. మా వ్యాపారం అంతా కలిపి అరవై రోజులు. ఆ అరవై రోజుల్లో బండి ఎండలో ఆగిపోతే కాయ ఆగదు, అది దాని పని అది చేసుకుపోతుంది. పొద్దున కోసింది సాయంత్రానికి తొట్టిలో ఉడికి మెత్తబడుతుంది.

దానికి తోడు ఇంకోటి కనిపెట్టాను. పోయినేడు లీటరుకి పదకొండు కిలోమీటర్లు ఇచ్చిన బండి ఇప్పుడు ఎనిమిదిన్నర ఇస్తోంది. నేను ఫిజిక్స్ చెప్పేదాన్ని కదా, నోటి లెక్క మీద నమ్మకం లేదు. బంకులో నిండా కొట్టించి, మీటరు చూసి రాసుకుని, మళ్ళీ నిండా కొట్టించి చూశాను. మూడుసార్లు చూశాను. ఎనిమిదిన్నరే.

అయితే మిగతా డీజిల్ ఎవరు తాగుతున్నట్టు?

ఒకరోజు సురేష్ భోజనానికి వెళ్ళినప్పుడు బండంతా వెతికాను. వెనక సీటు కింద ఐదు లీటర్ల డబ్బా దొరికింది. మూత తీస్తే డీజిల్ వాసన గుప్పుమంది. దాన్ని ఎక్కడున్నది అక్కడే పెట్టేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నాను. ఆ రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను.

బండిని విజయవాడలో ఒక పెద్ద షెడ్డుకి తీసుకెళ్ళాం. అక్కడొక కుర్రాడు కంప్యూటర్ తగిలించి చూసి ఏ లోపమూ చూపించట్లేదన్నాడు. గేర్ ఆయిల్ మాత్రం రంగు మారిందన్నాడు. ఎర్రగా ఉండాల్సింది కాఫీ రంగులో ఉంది. బాక్సు విప్పాలి, విప్పితే రెండు లక్షల దాకా అవుతుందని వాళ్ళ పెద్దాయన చెప్పాడు. వెళ్ళబోతుంటే నన్ను పక్కకి పిలిచి, "బండిని ఎవరో కాల్చుకు తింటున్నారు మేడమ్. మీ డ్రైవర్ని ఓ కంట కనిపెట్టండి," అన్నాడు.

నాకు కావలసిందీ అదే.

*

మర్నాడు కొట్లో, కాయలు ఏరేవాళ్ళూ ట్రేలు కట్టేవాళ్ళూ పది మంది ఉండగానే, డబ్బా తెచ్చి తూకం పక్కన పెట్టాను.

"సురేషూ, ఇదేంటి?"

"డీజిల్ డబ్బా అండి."

"అది వాసనకే తెలుస్తోంది. సీటు కింద ఎందుకుంది?"

"తోటలో ఆయిలింజనుకండి. అక్కడ డ్రమ్ములో డీజిల్ అయిపోతే దీంట్లో పోసుకెళ్ళమన్నారు."

"ఎవరన్నారు?"

సురేష్ నాన్న వైపు చూశాడు. నాన్న చేతిలో ఒక బంగినపల్లి కాయ ఉంది. దాని తొడిమ దగ్గర జీడి సొన కారిందో లేదో అతి శ్రద్ధగా చూస్తున్నాడు.

"నాకు గుర్తు లేదు," అన్నాడు, కాయ మీంచి కళ్ళు ఎత్తకుండానే.

"గుర్తు లేదాండి?" అన్నాడు సురేష్. మెల్లిగానే అన్నాడు. కాయలు ఏరేవాళ్ళ చేతులు ఆగిపోయాయి.

"లీటరుకి రెండున్నర కిలోమీటర్లు తేడా వస్తోంది," అన్నాను నేను. "నీ చేతిలో ఉన్నంతసేపూ ఏమీ కాని బండి నాన్న చేతికి రాగానే చెడుతోంది. ఇచ్చేముందు నువ్వు దానికి ఏం చేస్తున్నావో నువ్వే చెప్పు."

"నేనేం చెయ్యట్లేదండి."

"మరి ఎవరు చేస్తున్నారు?"

అతను మళ్ళీ నాన్న వైపు చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు. దొంగ చూపు అలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. అతను జేబులోంచి తాళం తీసి తూకం పళ్ళెంలో పెట్టాడు.

"వెళ్తానండి. బండి మట్టుకు జాగ్రత్త, ఎక్కడన్నా గుద్దుతుంది."

ఆ మాట నాకు బెదిరింపులా వినబడింది. అలాగే ఊళ్ళో నలుగురికీ చెప్పాను కూడా.

*

సురేష్ వెళ్ళాడు కాబట్టి బండి బాగుపడాలి. బాగుపడలేదు. నాన్న పొద్దున ట్రిప్పులు కూడా తానే తోలడం మొదలుపెట్టాడు, దాంతో అది పొద్దున కూడా చెడడం నేర్చుకుంది. మూడో రోజున ఆగిరిపల్లి దాటగానే కలెక్టర్ రకం మామిడికాయ లోడుతో ఆగిపోయి గంటన్నర ఎండలో నిలబడింది. బంకుకెళ్ళి మళ్ళీ కొలిచాను. ఎనిమిది.

సీటు కింద డబ్బా లేదు, సురేష్ లేడు, డీజిల్ మాత్రం పోతూనే ఉంది.

"పోతూ పోతూ ఏదో కలిపి పోయాడు," అన్నాడు నాన్న.

నమ్మాలని చూశాను. రాత్రికి రాత్రి డీజిల్ మాయం చేసే మందేదీ నేను చదివిన ఫిజిక్సులో లేదు.

మైలవరం రోడ్డులో మస్తాన్ గారి షెడ్డుంది. ట్రాక్టర్లూ లారీలూ చేస్తారు. అంతకుముందు ఇరవై ఏళ్ళు కువైట్‌లో చేసొచ్చారు, అక్కడ అన్నీ ఈ రకం బండ్లేనట. ఆయన ఇంజను నడుస్తుండగానే గేర్ ఆయిల్ కడ్డీ బయటికి లాగి, తెల్ల గుడ్డకి రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. గుడ్డని ఎండకి పట్టి అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఆయిలు కాలిందమ్మా. కానీ ఇనప పొట్టు లేదు. లోపల ఇంకా ఏదీ అరిగిపోలేదన్నమాట. బాక్సు విప్పమన్నదెవరు?"

"విజయవాడలో."

"విప్పనివ్వకండి. దీనికి జ్వరం వస్తోంది. ఎందుకొస్తోందో చూడకుండా పొట్ట కోస్తే ఎలా?"

పాత ఆయిలు తీసి కొత్తది పోశారు. ఆయిలు చల్లబడే జాలీ కడిగారు, గొట్టాలు ఊది చూశారు. తొట్టిలో ఇసుక బస్తాలు వేయించుకుని మైలవరం దాకా తనే తోలుకెళ్ళి వచ్చారు. బండి కిక్కురుమనలేదు.

చేతులు కిరసనాయిలుతో కడుక్కుంటూ అడిగారు. "ఒకటి చెప్పండి. ఇది చెడేది ఎవరి చేతిలో?"

"నాన్న చేతిలో. డ్రైవరు చేతిలో ఎప్పుడూ చెడలేదు. అందుకే కదా వాడి మీద అనుమానం."

ఆయన నావైపు వింతగా చూశారు. "సరే. రేపు మీ నాన్నగారు లోడుతో వెళ్ళేటప్పుడు మీరు వెనకే వెళ్ళండి. పొగ ఏ రంగులో వస్తోందో చూసి చెప్పండి."

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి నా స్కూటీ మీద బండి వెనక బయల్దేరాను. నూజివీడు దాటాక రోడ్డు తిన్నగా ఉంటుంది, అటూ ఇటూ తోటలు. పొగ రంగు మామూలుగానే ఉంది. కానీ వెనక ఎర్ర లైట్లు రెండూ వెలుగుతున్నాయి. ముందు గేదేదో అడ్డం వచ్చి బ్రేకు వేశాడనుకున్నాను. గేదె లేదు. ఆటో లేదు. రోడ్డంతా ఖాళీ. బండి యాభై మీద పోతోంది, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఆగిరిపల్లి వచ్చేదాకా ఒక్కసారి కూడా ఆరలేదు. నాన్న టీ కొట్టు దగ్గర ఆపి కిందికి దిగాడు, అప్పుడు ఆరాయి.

నేను అక్కడి నుంచి అటే మైలవరం రోడ్డుకి వెళ్ళిపోయాను. "బ్రేకు లైట్ల స్విచ్చి పోయినట్టుంది," అని చెప్పాను, పెద్ద సంగతి కనిపెట్టిన దానిలాగా.

సాయంత్రం బండి షెడ్డుకి రాగానే మస్తాన్ గారు కింద కూర్చుని పెడలు చేత్తో నొక్కి చూశారు. నొక్కితే లైటు వెలిగింది, వదిలితే ఆరింది. పది సార్లు చేశారు. స్విచ్చి నిక్షేపంగా ఉంది. నాన్న షెడ్డు బయట ఎవరితోనో కాయ ధర మాట్లాడుతున్నాడు. మస్తాన్ గారు గొంతు తగ్గించారు.

"క్లచ్ లేదంటాం గానీ లోపల ఒకటుంటుందమ్మా. వేగం అందుకోగానే అదే బిగుసుకుంటుంది. బిగిస్తే ఇంజనూ చక్రాలూ ఒకటైపోతాయి, వేడి పుట్టదు. బ్రేకు పెడలు మీద ఈగ వాలినా అది వదిలేస్తుంది. వదిలేసిందంటే లోపల ఆయిలు చిలుకుతూనే ఉంటుంది, కవ్వంతో మజ్జిగ చిలికినట్టు. జ్వరం అక్కడిదే. మీ డీజిలు తాగేదీ అదే."

"అంటే నాన్న బ్రేకు మీద కాలు పెట్టి తోలుతున్నాడా?"

"ఎన్నేళ్ళు తోలారు గేరు బండ్లు?"

"ముప్పై ఏళ్ళ పైనే."

"ఎడమ కాలు ఊరుకోదమ్మా. క్లచ్ కోసం వెతుక్కుంటుంది. కువైట్ వెళ్ళిన కొత్తల్లో నేనూ అలాగే పెట్టాను. పది రోజుల్లో మానేశాను. కాలికి తగుల్తుంది కదా, తెలిసిపోతుంది." ఆయన గుడ్డ మడత పెట్టి భుజాన వేసుకున్నారు. "ఆయన పోయినేడు ఇలా చెయ్యలేదు. బండి అదే, మనిషీ ఆయనే. ఏం మారిందో ఇంట్లోవాళ్ళు మీరు చూడాలి."

*

మర్నాడు నేను స్కూటీ తియ్యలేదు. బండిలో నాన్న పక్కన కూర్చున్నాను. ఆగిరిపల్లి రోడ్డు ఎక్కాక, ఫోను జారిపోయినట్టు వంగి కింద చూశాను.

నాన్న ఎడమ పాదం బ్రేకు పెడలు మీద పడుకుని ఉంది. నొక్కుతున్నట్టు లేదు. బస్సులో నిద్రపోయిన పక్కవాడి తల మన భుజం మీద వాలినట్టు వాలి ఉంది. చెప్పు ఎప్పుడో జారిపోయి అవతల పడి ఉంది.

"నాన్నా, ఎడమ కాలు తియ్యి."

"ఎక్కడి నుంచి?"

"బ్రేకు మీద నుంచి."

"బ్రేకు మీద ఎందుకుంటుంది? కింద ఉంది."

అబద్ధం చెప్పేటప్పుడు నాన్న గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు. మామిడికాయ తినలేదని చెప్పేటప్పుడు రోజూ వింటాను. ఇది ఆ గొంతు కాదు.

"ఒకసారి చూడు," అన్నాను.

బండి పక్కకి ఆపి వంగి చూశాడు. తర్వాత మోకాలి దగ్గర ప్యాంటు గుడ్డ పట్టుకుని, కాలు పైకెత్తి, కింద పెట్టాడు. ఎవరిదో సామాను అడ్డంగా ఉంటే పక్కకి జరిపినట్టు.

"ఈ చెప్పు జారుడుగా ఉంటోంది," అన్నాడు.

రోడ్డు మీద ఒక ట్రాక్టరు వెళ్ళిపోయింది.

"నీకు ఈ సంగతి ఎవరన్నా చెప్పారా?" అని అడిగాను.

ముందు ఎవరూ లేకపోయినా హారన్ కొట్టాడు.

"తాళం ఇవ్వు," అన్నాను. కాలేజీలో చేరిన కొత్తల్లో కారు నేర్చుకున్నాను, లైసెన్సు ఉంది. నాన్న దిగి ఇటు వచ్చాడు. ఎక్కడికని అడగలేదు. నేను బండిని సురేష్ అమ్మానాన్నలు పార్వతి, మల్లయ్యల ఇంటి ముందు ఆపాను.

పార్వతి వాకిట్లో చింతపండు పిక్క తీస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు.

"రండి అమ్మాయిగారూ. ఇంకేమన్నా పోయిందా? వెతుక్కోండి. రెండు గదులే, తొందరగానే అయిపోద్ది."

మల్లయ్య "ఊరుకోవే," అని లోపల నుంచి మంచం తెచ్చి వేశాడు. నాన్న కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు. సురేష్ పెరట్లోంచి తడి చేతులతో వచ్చాడు.

"తప్పు నాదే సురేష్," అన్నాను. దారంతా మంచి మాటలు పేర్చుకుని వచ్చాను గానీ అప్పటికి ఇదే మిగిలింది. "డీజిల్ నువ్వు తియ్యలేదు. బండిని నువ్వేం చెయ్యలేదు. నాన్న కాలు బ్రేకు మీద ఉంటోంది."

"తెలుసండి," అన్నాడు సురేష్.

"తెలుసా?"

"ఏప్రిల్లోనే చెప్పానండి అయ్యగారికి. మొదటిసారి ఆగిన రోజే, మీరు అటెళ్ళాక. కాలు బ్రేకు మీద ఉంటోందండీ అంటే, నాకు తోలడం నేర్పుతావా అన్నారు." తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "డబ్బా కూడా ఆయన పెట్టమన్నదేనండి."

పార్వతి చేతిలో చింతపండు ఆగింది. అందరం నాన్న వైపు తిరిగాం. పట్టుబడిన మనిషి మొహం ఎలా ఉంటుందో చూద్దామని నెలన్నర నుంచి కాచుకు కూర్చున్నాను. తీరా చూశాక చూడకపోతే బాగుండేది అనిపించింది.

"చెప్పాడు," అన్నాడు నాన్న. "వీడు చెప్పాడు. డబ్బా పెట్టమంది నేనే. ఆ రోజు కొట్లో నువ్వు అడుగుతుంటే నోరు తెరవలేదు. వీడు ఉంటే కాలు సంగతి ఇంటి దాకా వస్తుందని, పోతే పోనీలే అనుకున్నాను." సురేష్ వైపు తిరిగాడు. "తప్పు చేశాన్రా."

సురేష్ తల వంచుకున్నాడు. పార్వతి వంచుకోలేదు.

"కొట్లో పది మందిలో అన్న మాట అండి అది. మా వాకిట్లో చెబితే ఎవరు విన్నారు? మా కోడలు శ్రావణి కుళాయి దగ్గరికి వెళ్ళడం మానేసింది, మీరిచ్చిన పేరు మొయ్యలేక."

"రేపు పొద్దున కొట్లోనే చెప్తాను. అందరూ ఉన్నప్పుడే," అన్నాడు నాన్న.

"పనిలోకి రా," అన్నాను నేను సురేష్‌తో.

"ఇప్పుడు కాదండి. రెడ్డిగూడెంలో ఒకాయన ట్రాక్టరు ఒప్పుకున్నాను. సీజను మధ్యలో వదిలేస్తే ఆయన కాయ ఆగిపోద్ది."

"వదలొద్దులే," అన్నాడు నాన్న. "హరిత తోల్తుంది."

అలా నేను డ్రైవరునయ్యాను. నన్నెవరూ అడగలేదు.

కొట్లో చెప్తానన్న మాట నాన్న నిలబెట్టుకున్నాడు కూడా. మర్నాడు తూకం దగ్గర నిలబడి, కాయలు ఏరేవాళ్ళందరూ వినేలా చెప్పాడు. కానీ మల్లయ్య ఇంటికెళ్ళిన రోజున మాకు చెప్పుకోవలసిన గడప ఇంకొకటి మిగిలింది. మా గడప.

"మీ అమ్మకి నేను చెప్తాను, నువ్వు చెప్పకు," అన్నాడు దార్లో.

"ఎప్పుడు?"

"నిదానంగా."

ఇంటికొచ్చాక నేను గుమ్మంలోనే నిలబడ్డాను. లోపలికి వెళ్తే ఆయన నిదానం ఎన్ని నెలలు పడుతుందో నాకు తెలుసు. అమ్మ అలవాటుగా వచ్చి ఆయన చెయ్యి అందుకుంది. నాన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"చెయ్యి కాదు పుష్పా. ఎడమ కాలికి తెలియట్లేదు."

"ఏం తెలియట్లేదు?"

"ఏదీ. పోయిన కార్తీకం నుంచి. అంతకుముందు తిమ్మిరిగా ఉండేది."

అమ్మ నావైపు చూసింది. నిజమేనా అని కాదు, ఇద్దరూ కలిసి నాటకం ఆడుతున్నారా అని చూసింది. తర్వాత కుర్చీ లాగి ఆయన్ని కూర్చోబెట్టి, తను కింద కూర్చుంది. ఎడమ పాదం ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. అరికాల్లో చిటికెన వేలి కింద రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ ఉంది. ఎప్పుడు కాలిందో, ఎక్కడ కాలిందో.

"ఇదేంటి?"

"ఏది?" అన్నాడు నాన్న.

"మీ మాట నమ్మి నేను బాగుపడిందెప్పుడూ లేదు," అంది అమ్మ. మెళ్ళో గొలుసుకి వేలాడే పిన్నీసు తీసి విప్పింది. "కళ్ళు మూసుకోండి. గుచ్చినప్పుడల్లా చెప్పండి."

నాన్న కళ్ళు మూసుకున్నాడు. పరీక్ష రాసే పిల్లాడిలా నిటారుగా కూర్చున్నాడు.

అమ్మ బొటనవేలి మీద గుచ్చింది. ఆయన మొహంలోకి చూసింది. అరికాలి మధ్యలో గుచ్చింది. చూసింది. మడమ దగ్గర, ఈసారి కోపంగా, కొంచెం గట్టిగా గుచ్చింది. ఎర్రటి చుక్క ఒకటి పైకొచ్చి, నిలబడి, మెల్లిగా కిందికి జారింది. అమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

నాన్న ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"ఊఁ, కానీ," అన్నాడు. "గుచ్చు మరి."